పక్కన ఉంటే చుట్టమైపోదు



రెండు పక్కపక్కన కనబడితే చాలు, చుట్టరికం కలిపేయడం మనకు అలవాటు. ఆకాశంలో ఆ పప్పులు ఉడకవు.

పెద్ద నక్షత్రం పేలితే శిథిలాలు మేఘంలా వ్యాపిస్తాయి. అదే సూపర్నోవా అవశేషం. నడుమ మిగిలిన గట్టి ముద్ద గిరగిరా తిరిగితే పల్సార్. పేలుడు తోపుకి అది ఊరు వదిలి పోతుంది. మరి ఏ పల్సార్ ఏ మేఘం బిడ్డ? పక్కన ఉందని చెప్పేస్తే కుదరదు. ఒకటి ముందు, ఒకటి ఎంతో వెనక ఉండొచ్చు. ఏళ్ల తరబడి రేడియో టెలిస్కోపులతో దాని కదలిక కొలవాలి. కొలమానం మిల్లీ ఆర్క్ సెకండ్, అంటే డిగ్రీలో 36 లక్షలవ వంతు. ఆ దారిని వెనక్కి నడిపిస్తే మేఘం నడిబొడ్డుకి చేరాలి, వయసూ దూరమూ కుదరాలి.

ధనుస్సు రాశిలో జీ5.4-1.2 అనే అవశేషం ఉంది. దాని అంచు దాటి బీ1757-24 పల్సార్, వెనక అవశేషం వైపు తోక. ఇంకేం, సంబంధం ఖాయమన్నారు. భ్రమణం నెమ్మదించే తీరును బట్టి వయసు సుమారు 16,000 ఏళ్లు. అలాగైతే జోరుగా కదలాలి. గేన్స్‌లర్, ఫ్రేల్ కొలిచి 2000లో చెప్పింది: అంత కదలికే లేదు. చుట్టరికం నిలవాలంటే వయసు కనీసం 39,000 ఏళ్లు కావాలి. తర్వాతి కొలతలతో చుట్టరికం మీదే అనుమానం పెరిగింది.

శర్మిష్ఠ రాశిలో జె0002+6216 కథ వేరు. దాని తోక సీటీబీ 1 అవశేషం వైపు చూపింది. 2019లో సెకనుకు 1,100 కిలోమీటర్ల వేగమని పత్రికలు మోగించాయి. ఆ తర్వాత హవాయి నుంచి వర్జిన్ దీవుల దాకా ఉన్న వీఎల్‌బీఏ డిష్‌లు కొలిస్తే వేగం మూడో వంతుకు పడిపోయింది. దిక్కు మాత్రం సీటీబీ 1కే చేరింది. చుట్టరికం నిలిచింది, గొప్ప పోయింది. ఎవరూ అలగలేదు.

ఇక మన సావనీరు సంగతి. "మా ఇంటిపేరుతో కోస్తాలో ఊరుంది, మేం అక్కణ్నుంచే వచ్చాం" అని రాసిస్తే అలాగే అచ్చేస్తున్నాం. ఇంటిపేరు ఆ తోకలాంటిది. దిక్కు చూపుతుంది, రుజువు కాదు. శాసనమో, ఇనాం పత్రమో, పాత దస్తావేజో దారిలో కనబడాలి, తరాల లెక్క కుదరాలి. ఆధారం ఉన్నవాటిని ఆధారంతో వేద్దాం. లేనివాటిని "పెద్దలు చెప్పిన మాట" అని వేద్దాం. ఇది పెద్దలను తక్కువ చేయడం కాదు. ఒక్క ఉత్త మాట బయటపడితే పక్కనున్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. తరాలుగా పొరుగు గడ్డమీద ఉన్నవాళ్లం, మన చరిత్రను మనమే పలచన చేసుకోవద్దు.