పులి పాదానికి పాత బూటు

స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. మీ బుడతడిది పులి వేషం. ఒంటికి చారల దుస్తులు సరే, మరి కాళ్లకు? వాడి పాత కాన్వాస్ బూట్లు చాలు. ముందు భాగాన స్పాంజి ముక్కలతో నాలుగు వేళ్లలా ఉబ్బెత్తుగా అతికించి, పసుపు మఖమల్ గుడ్డ కప్పి అంచులు కుట్టేయండి. పైన నల్ల చారలు గీస్తే సరి. బూటు అడుగున మాత్రం గుడ్డ, జిగురు తగలనివ్వకండి. రబ్బరు పట్టు తప్పితే వేదిక మీద జారిపడేది పిల్లాడే. పొడవాటి గోళ్లు కూడా వద్దు, కాలికి కాలు తగిలి బోర్లా పడతాడు. అసలు పులే నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. అందుకే దాని అడుగుజాడల్లో నాలుగు వేళ్ల గుర్తులుంటాయి గానీ గోళ్లవి కనిపించవు. ముందు రోజే తొడిగి, ఇంట్లో నాలుగడుగులు నడిపించి చూడండి.