సరిహద్దు దక్కింది, హక్కు దక్కాలి

మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట సీమల చరిత్ర అనగానే మనకు కోటలు, పాలకులు, కరువులు గుర్తుకొస్తాయి. నల్లమల అడవినే నమ్ముకుని తేనె తీసి, గడ్డలు తవ్వి, విల్లంబులతో వేటాడి బతికిన చెంచులు మాత్రం గుర్తుకు రారు.

చెంచులు కృష్ణకు ఇరువైపులా ఉన్నారు. ఆ నదిని హద్దు చేసింది పాలకులే. నిజాం కాలంలో ఇవతలి గట్టు హైదరాబాద్ రాజ్యం, అవతలి గట్టు ఆంగ్లేయుల మద్రాసు. 1956లో ఆ గీత చెరిగింది. 2014లో మళ్లీ పడింది. ఏ గీతా చెంచులు కోరింది కాదు.

1940లో అమ్రాబాద్ పీఠభూమిలో తిరిగిన హైమెన్‌డార్ఫ్ వారి జీవితాన్ని గ్రంథస్థం చేశారు. 1983లో ఆ అడవి పులుల రక్షిత ప్రాంతమైంది. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ప్రజలు ఎదురు నిలిచారు, తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. అది మంచి పనే. అయితే గనికి వద్దన్న మనం, పులి పేరిట చెంచు పెంటలను ఖాళీ చేయించవచ్చునంటే ఊరుకోవడం న్యాయమేనా? తరతరాలుగా పులి, చెంచు ఒకే అడవిలో బతకలేదా?

2006 అటవీ హక్కుల చట్టం వారి నివాసాన్ని, సాగును, అటవీ ఫలసాయాన్ని గుర్తించింది. వారి సమ్మతి లేనిదే కదిలించరాదని చెప్పింది. పేదవాడి సమ్మతిని ఆశ చూపో, భయపెట్టో రాబడితే అది సమ్మతి కాదు.

సరిహద్దు, హక్కు రెండూ ఉర్దూ నుంచి తెలుగులో కలిసిపోయిన మాటలే. మొదటిది చెంచులకు అడగకుండానే ఇచ్చాం. రెండవది అడిగినా ఇవ్వకపోతే ఎలా?