ఇంటి పనిముట్లు: తీగలేని డ్రిల్లు

గడచిన సంచికలో కారుచున్న కుళాయికి వాషరు మార్చు విధమును గూర్చి వ్రాసితిమి. అది చదివిన సోదరీమణులు కొందరు, గోడకు రంధ్రము వేయు డ్రిల్లులలో తీగ లేకుండ బ్యాటరీతో నడచునవి ఇప్పుడు విరివిగా దొరకుచున్నవి గదా, వానిలో వెల తక్కువయై చిరకాలము మన్నునది యెట్టిదో తెలుపుడని కోరియున్నారు. ఈ ప్రశ్న మాకు మిక్కిలి సంతోషము గలిగించినది. ఒక పటము తగిలించుటకును, తెరకడ్డీ బిగించుటకును వడ్రంగికై వారము దినములు వేచియుండుట మన యిండ్లలో నేటికిని కలదు. అరగంట పనికై వచ్చుట అతనికి గిట్టదు. వచ్చెనా, సగము దినపు కూలి యడుగక తీరదు. అందు అతని తప్పేమియు లేదు. పిల్లలు దూరదేశముల నుండగా ఒంటరిగా కాలము గడుపు పెద్దవారి యిండ్లలో ఈ చిక్కు మరింత కష్టమునకు దారితీయును. స్నానపు గదిలో పట్టుకొనుటకొక కడ్డీ యుండవలెనని అందరును అందురు. కొని తెత్తురు కూడ. బిగించువారు లేక అది పెట్టెలోనే పడియుండును. ఈలోగా ఒకనాడు కాలు జారును.

ఈ యంత్రము నిన్న మొన్న పుట్టినది కాదు. చేత పట్టుకొను విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీ దేశపు స్టుట్‌గార్ట్ నగరమున ఫైన్ కంపెనీవారు చేసిరి. తీగ లేనిదానిని 1961లో అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ వారు వెలువరించిరి. 1971లో అపోలో 15 యాత్రికులు చంద్రుని నేలను తొలిచినది బ్యాటరీ డ్రిల్లుతోనే. అచ్చటి నేల గట్టిదై వారిని చాల శ్రమపెట్టెనట. చంద్రలోకమున కెంత యోచించి పంపిన యంత్రమునకే నేల తెలియక తిప్పలు వచ్చినప్పుడు, మనము గోడ యెట్టిదో తెలియకుండ యంత్రమును కొనుట యెంత తొందరపాటో చూడుడు. కావున మొదట పోవలసినది దుకాణమునకు కాదు, గోడ దగ్గరకు.

ఇంట నెవరైన పనివాడు రంధ్రము వేయునప్పుడు రాలు పొడిని గమనింపుడు. పైపూత దాటిన పిమ్మట ఎర్రని పొడి వచ్చినచో అది కాల్చిన యిటుక. బూడిదరంగు పొడి సులువుగా వచ్చినచో బూడిద యిటుక కావచ్చును. తెల్లనై పిండివలె మెత్తనిది ధారాళముగా రాలినచో, క్రొత్త అపార్టుమెంటులలో వాడు ఏ.ఏ.సి. దిమ్మె యని యూహింపవచ్చును. మొన ముందునకు కదలక వేడెక్కుచు, సన్నని పొడి చిటికెడు చిటికెడుగా రాలినచో అది కాంక్రీటు. దూలములు, స్తంభములు, పైకప్పు సాధారణముగా కాంక్రీటువే. కిటికీలకు పైనుండు అడ్డదూలము కూడ కాంక్రీటే. తెరకడ్డీ బిగింపబోయినవారి కందరికిని అదియే అడ్డుపడును.

యంత్రములు మూడు రకములు. వట్టిగా తిరుగునది ఒకటి. ఇది కొయ్యకు, రేకునకు, మరమేకులు బిగించుటకు మాత్రమే. తిరుగుచు సన్నగా గుద్దుచు పోవునది రెండవది. ఇటుక గోడ కిదియే తగినది. లోపల ముషలమువంటి యమరికతో బలముగా గుద్దునది మూడవది. కాంక్రీటునకు ఇదియే కావలెను, దీనికి ఎస్.డి.ఎస్. అను గాడికాడ గల మొనలు వేరుగా నుండును. బాష్ కంపెనీవారి నీలిరంగు యంత్రములపై జి.ఎస్.ఆర్. అనునది మొదటి రకమునకు, జి.ఎస్.బి. రెండవదానికి, జి.బి.హెచ్. మూడవదానికి గురుతులు. మొదటి రెండును చూపునకు కవలపిల్లలవలె నుండును, వెలలో స్వల్పభేదమే. ఆ కొద్దిపాటి సొమ్ము మిగులునని మొదటిదానిని తెచ్చుకొన్నవారికి ఇటుకగోడ యెదుట నిరాశయే మిగులును. ఏ.ఏ.సి. దిమ్మెకు మాత్రము గుద్దు పనికిరాదు. గుద్దినచో రంధ్రము వెడల్పై ప్లగ్గు నిలువదు. వట్టిగా త్రిప్పుచునే తొలిచి, ఆ దిమ్మెలకై చేసిన ప్లగ్గునే వాడవలెను.

ఇక వోల్టుల మాట. పెట్టెలపై 12, 18, 20, 21 అని యుండుటచే కొనువారు తికమక పడుచున్నారు. లిథియం బ్యాటరీలో ఒక్కొక్క గూటి వోల్టులు సుమారు 3.6, నిండుగా చార్జి చేసినప్పుడు 4కు పైబడును. మూడు గూళ్లు చేరినచో 10.8, దానినే 12 అని యమ్ముదురు. ఐదు చేరినచో 18. దానినే కొందరు 20 అనియు, 21 అనియు వ్రాసికొందురు. కాగా 18, 20, 21 ఒక్కటే. కొన్ని చౌక పెట్టెలపై 48 అనియు, అంతకు మించియు పెద్ద అంకెలు ముద్రించి, వోల్టు గురుతు ప్రక్కన మరియొక అక్షరము తగిలింతురు. అది వోల్టుల లెక్క కాదు. బ్యాటరీ అడుగుననున్న చీటిలో వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించి చూడుడు. 18ని 2తో హెచ్చించిన 36, 10.8ని 2తో హెచ్చించిన 21.6. ఆ వచ్చినది వాట్ అవర్లు, అనగా ఒక్క చార్జితో జరుగు పనికి కొలత. వ్యాపారి యెంత వాక్చాతుర్యము చూపినను ఈ గుణకారము ముందు నిలువదు.

మా యభిప్రాయములో, ఇటుకగోడలు గల సామాన్య గృహమునకు 12 వోల్టుల తరగతిలో గుద్దు గలదియు, 10 మిల్లీమీటర్ల చక్కు గలదియు, 30 న్యూటన్ మీటర్ల త్రిప్పు బలము గలదియు చాలును. చక్కు అనగా మొనను పట్టియుంచు దవడ. అలమరలు, బల్లలు స్వయముగా చేసికొను ఉత్సాహము గలవారు 18 వోల్టులది కొనవచ్చును. కాని అది బరువెక్కువ. ముక్కాలిపీట నెక్కి చేయి చాచి పట్టుకొనవలసిన యంత్రమునకు బరువు చిన్న విషయము కాదు. దుకాణమున బ్యాటరీ తగిలించి, చేతిలో పట్టుకొని, భుజము మట్టమునకు పైగా ఒక నిమిషము నిలిపి చూడుడు. పిడి లావై వ్రేళ్లు చుట్టిరానిచో వద్దనుడు. పిడి కొలత చాల యంత్రములకు మగవారి హస్తము ననుసరించియే యున్నదని మాకు తోచుచున్నది. కాంక్రీటు పైకప్పునకు కొక్కెము కావలసినచో దానికై పెద్ద యంత్రము కొనుట దండుగ. ఆ ఒక్క పనికి పనివానిని పిలుచుటయే మేలు.

మన్నిక యనునది మోటారులో కాక బ్యాటరీలో నున్నది. బ్రష్షులు లేని మోటారు మేలైనదే, కాని నెలకొక రంధ్రము వేయు ఇంట సామాన్యపు మోటారు బ్రష్షులు అరుగుటకు ముందే బ్యాటరీ ముసలిదగును. లిథియం బ్యాటరీ వాడినను, వాడక మూల నుంచినను వయసు మీరుచునే యుండును. ఒక కంపెనీ బ్యాటరీ మరియొక కంపెనీ యంత్రమునకు సాధారణముగా పట్టదు. ఒకే కంపెనీలో సయితము 12 వోల్టులది 18 వోల్టుల యంత్రమునకు పట్టదు. అందుచే యంత్రము వెల యడుగుటకు ముందు బ్యాటరీ వెల యడుగుడు. అది విడిగా మీ యూరిలోనో, జిల్లా కేంద్రములోనో దొరకునా? ఆ కంపెనీకి మరమ్మతు కేంద్ర మెచ్చట నున్నది? హామీ గడువు యంత్రమున కెంత, బ్యాటరీ కెంత? ఈ ప్రశ్నలకు దుకాణదారుడు తడబడినచో యంత్రమును అక్కడనే యుంచి రండు. పేరులేని చౌకరకము రెండేండ్లకు బ్యాటరీ దొరకక మూలబడినచో, దాని వెల తక్కువ యనుటకు వీలు లేదు.

ఇంకొక మాట చెప్పకుండుట న్యాయము కాదు. సంవత్సరమున కొకటి రెండు పర్యాయములు మాత్రమే గోడ తొలుచు ఇంటికి తీగగల డ్రిల్లే చౌక. అందు ముసలిదగుటకు బ్యాటరీ లేదు; పదియేండ్లు పెట్టెలోనుంచి తీసినను తిరుగును. అయినను తీగ లేనిదానియందు ఒక గొప్ప సదుపాయము కలదు. ఇంటి మెయిను ఆపివేసి గోడ తొలువవచ్చును. మన గోడలలో విద్యుత్తీగలు కనబడకుండ పరుగెత్తుచుండును. ప్రాయికముగా స్విచ్చుబోర్డునుండి నిట్టనిలువుగానో, అడ్డముగానో పోవును. కావున బోర్డునకు నేరుగా పైనను, క్రిందను, ప్రక్కను తొలువరాదు. మెయిను ఆపినప్పుడు ఇన్వర్టరును కూడ ఆపుట మరువవలదు. మెయిను ఆగినంతనే ఇన్వర్టరు తన తీగలకు విద్యుత్తు నందించుట మొదలిడును. ప్రాణాపాయ మక్కడనే పొంచియున్నది.

తొలువబోవునప్పుడు పైట చెంగు నడుమున దోపి, జడ ముడిచి, గాజులు పైకి త్రోయుడు. చేతితొడుగులు వలదు, తిరుగు మొన వానిని పట్టి లాగును. కంటికి అద్దములు మాత్రము తప్పక ఉండవలెను. పెట్టెతోపాటు వచ్చు నూరు మొనలను చూచి మురియనక్కర లేదు. వానిలో పెక్కు మెత్తని ఉక్కువి. కొననంటిన గట్టి కార్బైడు గల గోడ మొనలు 6 మిల్లీమీటర్లది ఒకటి, 8 మిల్లీమీటర్లది ఒకటి మంచివి విడిగా కొనుడు. 6 ప్లగ్గునకు 6 మొన, 8 ప్లగ్గునకు 8 మొన. ప్లగ్గు పొడవు ననుసరించి మొనపై రంగుటేపు చుట్టినచో లోతు తెలియును. రంధ్రములోని పొడి దులిపినగాని ప్లగ్గు బిగియదు. అలమర బందులకు మరమేకులు బిగించునప్పుడు చక్కు వెనుకనున్న అంకెల కంకణమును చిన్న అంకెపై నుంచి మొదలిడి, చాలనిచో పెంచుకొనుడు. మొదటనే పెద్ద అంకె పెట్టినచో పొట్టుచెక్కలో మర చితికిపోవును.

స్నానపు గది కడ్డీ విషయము వేరుగా చెప్పవలసియున్నది, అది మనిషి బరువును మోయునది గనుక. పింగాణి పలకను గుద్దు లేకుండ, పలకలకై చేసిన మొనతో నెమ్మదిగా తొలిచి, పలక దాటి యిటుక తగిలిన పిమ్మటనే గోడ మొన మార్చి గుద్దు వేయవలెను. మరమేకు పలకను, పూతను దాటి ఇటుకలోనికి దిగునంత పొడవుండవలెను. నీటిగొట్టములు పోవు వరుసను ముందే తెలిసికొనుడు. బిగించిన తరువాత ఇంట బలముగల పడుచువారు ఒకరు దానిని పట్టి తమ బరువంతయు వేసి గుంజి చూచినగాని పెద్దవారిని పట్టుకొననీయరాదు. ఆ గోడ ఏ.ఏ.సి. దిమ్మెదైనచో ఈ పని స్వయముగా చేయవలదు. దానికి వేరు బిగింపులు కలవు, అనుభవము గల మేస్త్రీకే విడిచిపెట్టుడు.

పని ముగిసిన వెంటనే వేడిగానున్న బ్యాటరీని చార్జికి పెట్టరాదు, చల్లారనిండు. పాతకాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీలను పూర్తిగా ఖాళీ చేసిన పిమ్మటనే నింపవలెనని చెప్పుచుండెడివారు. లిథియమునకు ఆ నియమము లేదు, పైపెచ్చు అది హాని. చాలకాలము వాడనప్పుడు సగము చార్జితో, చల్లని చోట దాచుడు. మన యిండ్లలో పనికిరాని వస్తువులన్నియు అటుకెక్కుట ఆచారము. వైశాఖ జ్యేష్ఠములలో కప్పు క్రింది అటుక మీది వేడికి బ్యాటరీ ఆయువు తగ్గును. బియ్యపు డబ్బాల ప్రక్కనున్న అలమరలోని క్రింది అర మేలు. మూడు నెలల కొకసారి తీసి చూచి, చార్జి తగ్గియున్నచో కొంత నింపుడు. ఉబ్బినదానిని మరల చార్జికి పెట్టరాదు, చెత్తబుట్టలో వేయరాదు, నిప్పుకు చేరువ నుంచరాదు. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను 2022 నాటి కేంద్రప్రభుత్వ నియమములు తయారీదారులపై నుంచినవి; కొన్న దుకాణమునకో, కంపెనీ మరమ్మతు కేంద్రమునకో కొనిపోయి ఇచ్చివేయుడు.