దెబ్బ తగిలినవాణ్ణి మళ్ళీ గీత లోపలికి పిలవకండి

జోనల్ పోటీలో మా బడి కబడ్డీ జట్టు 37–24 తేడాతో ఓడిపోయి రెండు నెలలు కావస్తోంది. మన ఊళ్ళో మాత్రం ఆ ఆట ఇంకా అయిపోలేదు. టీ అంగడి దగ్గర అదే మాట, క్షవరం అంగడిలో అదే మాట, గుడి మెట్ల మీద అదే మాట. "మన డిఫెన్సు చెడిపోయిందప్పా" అని ఒకరు. "కెప్టెన్ లేకుంటే మిగిలినవాళ్ళు చేతులు కట్టుకొని నిలబడినారు" అని ఇంకొకరు. "ఆ ఎడమ మూలలో నిలబెట్టినారే, వానికి పట్టడమే రాదు" అని మూడో ఆయన.

ఆ ఎడమ మూలలో నిలబడింది నేనే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. నన్ను తిట్టినారని కోపంతో రాయడం లేదు. మీరు రెండు నెలలుగా చర్చించే విషయం తప్పు, చర్చించాల్సిన విషయం వేరే ఉంది అని చెప్పడానికి రాస్తున్నాను.

ముందు ఆ రోజు ఏమి జరిగిందో చెబుతాను. మొదటి సగం అయ్యేసరికి మేము 15–14తో ముందున్నాం. ఆ సగంలో చివరి కూతకు వాళ్ళ రైడర్ వచ్చినప్పుడు మా కెప్టెన్ వాని చీలమండ పట్టుకున్నాడు. రైడర్ గీత వైపు గుంజాడు. మా కవర్ వచ్చి మీద పడ్డాడు. ఆ కుప్పలో కెప్టెన్ ఎడమ మోకాలు మెలి తిరిగింది. పాయింటు వచ్చింది గాని మనిషి లేవలేదు. పీటీ సారు మందుల పెట్టె తెరిచి చూస్తే అందులో దూది, టించరు తప్ప ఏమీ లేవు. ఎవరో పరిగెత్తి సోడా అంగడి నుంచి ఐస్ ముక్కలు తెచ్చినారు.

రెండో సగంలో సారు వాని చోట నన్ను పంపారు. నా మూలలో రెండు పాయింట్లు పోయేసరికి బయట నుంచి కేకలు మొదలయ్యాయి. మొదట నన్ను తిట్టినారు. తర్వాత కెప్టెన్‌ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టినారు. "లేరా, ఇంతదానికే పడుకుంటావా", "మగోడివి కాదా", "ఊరి పరువు పోతా ఉంది రా". మా బడి పిల్లలే చప్పట్లు కొడుతూ వాని పేరును పాట మాదిరి పాడినారు. సారు వద్దన్నారు. వాడు లేచి నిలబడి, "ఏం కాలేదు సార్, బాగుంది" అని రెండుసార్లు ఎగిరి కూడా చూపించాడు. ఇంకా ఏడు నిమిషాలు ఉందనగా నేను బయటికి వచ్చాను, వాడు లోపలికి పోయాడు. రెండో కూతలోనే మళ్ళీ చీలమండకు దూకాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మోకాలి లోపల లిగమెంటు తెగిందని స్కాన్ చూసి డాక్టరు చెప్పారు. కనీసం ఆరు నెలలు గ్రౌండులో అడుగు పెట్టకూడదన్నారు. మొదటి దెబ్బకే ఆపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అని కూడా అన్నారు. స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్‌కు పోవాలని వాడు ఏడో తరగతి నుంచి చెప్పేవాడు. ఈ ఏడాది ఆ మాట లేదు. వాళ్ళ నాయన పూలతోటలో పనికి పోతారు. ఆయన పని మానుకొని కొడుకును వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. ఆ పిలిచినవాళ్ళలో ఎంతమంది వాళ్ళ ఇంటికి వెళ్ళి చూశారు?

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ కేకలు విన్నప్పుడు నేను కూడా లోలోపల వాడు లేచి రావాలనే కోరుకున్నాను. వాడు వస్తే నా మీది తిట్లు ఆగుతాయి అనుకున్నాను. సారు నన్ను బయటికి పిలిచినప్పుడు నాకు సంతోషమే కలిగింది. "వద్దురా, నేనే ఆడతాను, ఓడితే ఓడదాం" అని ఒక్క మాట అనలేకపోయాను. కాబట్టి నేను మీకు దూరంగా నిలబడి నీతులు చెప్పడం లేదు. ఆ తప్పులో నాకూ పాలు ఉంది.

ఇప్పుడు మీ వాదాలకు వస్తాను.

మొదటి వాదం: డిఫెన్సు వల్లే ఓడిపోయాం. నేను సారును అడిగి స్కోరు షీటు తీసుకొని కూర్చొని లెక్క వేశాను. రెండో సగంలో వాళ్ళకు వచ్చినవి 23 పాయింట్లు. అందులో 9 పాయింట్లు మన రైడర్లను వాళ్ళు పట్టుకున్నందుకు వచ్చినవి. 2 ఆలవుట్‌కు వచ్చినవి. మిగిలిన 12 మాత్రమే వాళ్ళ కూతల్లో వచ్చాయి, అందులోనూ 3 బోనస్ గీతవి. అంటే పట్టేవాళ్ళ చేతి నుంచి జారినవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఐదు నా మూలలో పోయినవే, ఒప్పుకుంటాను.

కాని కబడ్డీ తెలిసినవాళ్ళు ఒక సంగతి ఆలోచించాలి. మన రైడర్ అవతల పట్టుబడితే ఇవతల పట్టేవాళ్ళలో ఒక మనిషి తగ్గుతాడు. మళ్ళీ మనకు పాయింటు వస్తేనే వాడు లోపలికి వస్తాడు. ఏడుగురు చేయాల్సిన పట్టు ముగ్గురో నలుగురో చేయాల్సి వస్తుంది. ముగ్గురు, అంతకన్నా తక్కువ మంది ఉన్నప్పుడు పట్టితే ఒక పాయింటు ఎక్కువ ఇస్తారే, ఎందుకు? అది అంత కష్టం కాబట్టే. రైడింగ్ ఆగిపోయిన రోజు డిఫెన్సు నిలబడదు. నేను రైడర్లను కూడా తప్పు పట్టడం లేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ఓటమినంతా తెచ్చి ఒక మూలలో పోయవద్దు అంటున్నాను.

రెండో వాదం: ఒక్కడు లేకుంటే జట్టే లేదు. దీనికి ప్రొ కబడ్డీనే చూడండి. 2022లో మన రాష్ట్రం జట్టు తమిళ్ తలైవాస్ పవన్ సెహ్రావత్‌ను 2.26 కోట్లకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే వాని మోకాలికి దెబ్బ తగిలి, సీజన్ మొత్తం బయటే ఉండిపోయాడు. అందరూ తలైవాస్ కథ ముగిసింది అన్నారు. కాని ఆ సీజన్‌లోనే ఆ జట్టు మొదటిసారి సెమీఫైనల్ దాకా పోయింది. పెద్ద పేరు లేని నరేందర్ కూతకు పోయాడు, సాగర్, సాహిల్ మూలల్లో నిలబడినారు. మరుసటి సీజన్‌లో తెలుగు టైటాన్స్ అదే పవన్‌ను 2.6 కోట్లకు పైగా ఇచ్చి కొని కెప్టెన్‌ను చేసింది. మనమంతా ఎగిరి గంతులేశాం. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 ఆటల్లో గెలిచింది రెండే. పవన్ గొప్ప ఆటగాడు కాదని ఎవరూ అనరు. ఒక్క మనిషితో జట్టు గెలవదు, ఒక్క మనిషి లేకుంటే ఓడాలనీ లేదు అనేదే నేను చెప్పేది.

మూడో వాదం పెద్దలది. "మా కాలంలో ఎముక విరిగినా ఆడేవాళ్ళం. కట్టు కట్టించుకొని మర్నాడు దిగేవాళ్ళం" అంటారు. ఒక మామ నాతో హనుమ విహారి కథ చెప్పినారు. "మన తెలుగు పిల్లోడే కదా, సిడ్నీలో తొడ కండరం పట్టేసినా రోజంతా నిలబడి మ్యాచ్ కాపాడలేదా?" అన్నారు. నిజమే. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో అవుట్ కాకుండా నిలిచాడు. అవతల నడుము నొప్పితో అశ్విన్ నిలిచాడు. మ్యాచ్ డ్రా అయింది. నేను కూడా ఆ ఆటను యూట్యూబులో చూసి ఒళ్ళు జలదరించినవాణ్ణే.

కాని మామా, మీరు కథలో సగమే చెప్పినారు. ఆ మ్యాచ్ తర్వాత బ్రిస్బేన్‌లో చివరి టెస్టుకు విహారిని ఆడించలేదు. అశ్విన్‌ను, జడేజాను, బుమ్రాను కూడా ఆడించలేదు. నలుగురికీ దెబ్బలే. సిరీస్ 1–1గా ఉంది, గెలవాల్సిన మ్యాచ్, అయినా కూర్చోబెట్టినారు. వాళ్ళు పెద్దవాళ్ళు, పక్కనే ఫిజియో ఉంటాడు, డాక్టరు ఉంటాడు, వాళ్ళకే అది న్యాయమైతే పదిహేనేళ్ళ పిల్లవానికి ఏమి న్యాయం? మా దగ్గర ఐస్ ముక్క కూడా లేదు.

ఇంకో సంగతి. ఆ బ్రిస్బేన్‌లో ఎవరు బౌలింగ్ వేశారు? మన పక్క సేలం జిల్లా నటరాజన్‌కు అదే మొదటి టెస్టు. చెన్నై వాషింగ్టన్ సుందర్‌కు కూడా అదే మొదటి టెస్టు. శార్దూల్ ఠాకూర్‌కు రెండోది. మొదటి ఇన్నింగ్స్‌లో ఆ ముగ్గురూ తలా 3 వికెట్లు తీశారు. రెండో ఇన్నింగ్స్‌లో హైదరాబాదు సిరాజ్ 5 తీశాడు. మనవాళ్ళు 328 కొట్టి గెలిచారు. ఇది గాలివాటం కాదు. నటరాజన్, సుందర్ ఇద్దరూ ఆ పర్యటనలో నెట్స్‌లో పెద్ద ఆటగాళ్ళకు బౌలింగ్ వేస్తూ అక్కడే ఉన్నారు. బెంచి మీదివాళ్ళు కూడా రోజూ సాధన చేస్తూ ఉన్నారు.

మా బెంచి సంగతి చెప్పనా? కబడ్డీ జట్టులో 12 మంది ఉండాలి, ఏడుగురు లోపల, ఐదుగురు బయట. ఆ రోజు మేము తొమ్మిది మందిమే పోయినాం. ఇద్దరు పిల్లలను పదో తరగతి పరీక్ష అని ఇంట్లో పంపలేదు. ఒకరికి సాయంత్రం ట్యూషన్. మన బడిలో పిల్లలే తక్కువ, మూడు పెద్ద తరగతుల మగపిల్లలంతా కలిసినా రెండు వరసల్లో నిలబడిపోతాం. బయట నుంచి గట్టిగా అరిచినవాళ్ళలో కొందరి పిల్లలు ఊరవతల ఇంగ్లీషు బడిలో చదువుతున్నారు. అది వాళ్ళ ఇష్టం, తప్పు అనను. కాని మీ పిల్లవాణ్ణి పంపకుండా, బెంచి మీద మనిషి లేడని మమ్మల్ని తిట్టడం ఏమి న్యాయం?

ఉన్న మా ఇద్దరికైనా సాధన ఉందా అంటే అదీ లేదు. సాయంత్రం ఎప్పుడూ ఆ ఏడుగురే ఆడతారు. మేము సున్నంతో గీతలు గీస్తాం, నీళ్ళు తెస్తాం, చెప్పులు చూసుకుంటాం. కార్నర్, కవర్ కలిసి పట్టాలంటే కళ్ళతోనే మాట్లాడుకోవాలి. కార్నర్ కాలు పట్టిన క్షణానికి కవర్ వచ్చి గుద్దాలి. కొంచెం ముందైతే రైడర్ తప్పుకుంటాడు, కొంచెం వెనకైతే గీత దాటిపోతాడు. మా కవర్‌తో నేను ఏడాదిలో కలిసి ఆడింది పది రోజులు ఉండదు. పోటీ రోజు లోపలికి తోసి, "పట్టడం రాదు వీనికి" అంటే ఎట్ల వస్తుంది?

కాబట్టి నేను అడిగేవి ఇవి. దెబ్బ తగిలి ఆట ఆగిందంటే ఆ పిల్లవాడు ఆ రోజుకు మళ్ళీ ఆడకూడదు. అది పీటీ సారు చెప్పాలి, డాక్టరు చూసేదాకా ఆ మాట మారకూడదు. "బాగుంది సార్" అని ఆటగాడు చెప్పే మాటను లెక్కలోకి తీసుకోకూడదు. బయట వందమంది పిలుస్తుంటే ఎవడు బాగలేదు అంటాడు? రెండోది, సాధనలో బెంచి పిల్లలకు సగం సమయం ఇవ్వాలి. మూడోది, మందుల పెట్టెలో కట్టు గుడ్డ, పక్కన ఐస్ డబ్బా ఉండాలి. దానికి అయ్యే ఖర్చు ఒక ఆదివారం టీ అంగడి దగ్గర మనవాళ్ళు తాగే టీలకన్నా ఎక్కువ కాదు.

నాలుగోది చూడటానికి వచ్చేవాళ్ళకు. మీరు రావాలి, అరవాలి. మీరు రాకుంటే ఆ ఆటకు కళ లేదు. కాని లోపల ఉన్నవాని పేరు పిలవండి. వాడు బెంచి నుంచి వచ్చినవాడైతే ఇంకొంచెం గట్టిగా పిలవండి. బయట కూర్చొని మోకాలు పట్టుకున్నవాని పేరు మాత్రం పిలవవద్దు. వాడు మీ మాట కాదనలేడు.

పోయిన వారం నేను మా కెప్టెన్ ఇంటికి పోయినాను. వాడు మంచం మీద కాలు చాపుకొని, "నువ్వు చీలమండకు మరీ ముందే వంగుతున్నావురా, రైడర్ చూసేస్తున్నాడు. వాడు కాలు ముందుకు పెట్టేదాకా ఆగు" అని నాకు నేర్పించాడు. దిండును రైడర్ కాలు మాదిరి పట్టుకొని చూపించాడు. వచ్చే ఏడాది ఆ మూలలో ఎవరు నిలబడినా సరే, వాడు నేర్పింది నాకు వచ్చి ఉండాలి. ఈ నెల నుంచి సాయంత్రం సాధనకు నేను గీతలు గీయడానికి కాదు, ఆడటానికి వస్తానని సారుతో చెప్పాను. సరే అన్నారు.

— 10వ తరగతి విద్యార్థి