వెంట్రుకవాసి బీట

మా మేనకోడలికి ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. శంషాబాదులో విమానం ఎక్కాలి. మా వంశంలో ఇదివరకు విమానం ఎక్కినవారు లేరు. ఆ మాట తెలిసినప్పటినుంచీ మా అక్కయ్యకు కంటికి కునుకు లేదు. మొన్న ఆదివారం ములుగులో మా యింటికి వచ్చి, వంటింటి గడప దగ్గర కూచుని, "పైకి పోయినంక ఇంజను అంటుకుంటే ఎట్లరా తమ్ముడూ?" అని అడిగింది.

"అట్లాంటిదేమీ కాదక్కా" అంటే సరిపోయేది. కాని పాఠాలు చెప్పే నోరు గదా, ఊరుకోలేదు. జరిగిన సంగతి ఒకటి చెప్పాను.

1976 అక్టోబరు 12. అర్ధరాత్రి దాటాక బొంబాయిలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కారవెల్ విమానం మద్రాసుకు బయలుదేరింది. నేల విడిచిన కాసేపటికే ఇంజను ఒకటి అంటుకున్నది. పైలట్లు వెనక్కు తిప్పారు. కాని రన్‌వే చేరకముందే విమానం కూలిపోయింది. 95 మందిలో ఒక్కరూ మిగలలేదు. మలయాళ నటి రాణీచంద్ర, తల్లి, తోబుట్టువులతో సహా అందులోనే పోయింది. ఆమె నటిస్తున్న తమిళ 'భద్రకాళి'ని మరొకరితో పూర్తిచేసి విడుదల చేశారు. 1977లో తెలుగు 'భద్రకాళి'లో జయప్రద వేసింది ఆ వేషమే.

"ఒకటి పోతే రెండో ఇంజను లేదా?" అన్నది అక్కయ్య.

ఉన్నది. ఒక్క ఇంజనుతో దిగగల విమానమే అది. అయితే ఇంజనులో గాలిని నొక్కి పంపే చక్రాలలో పదవ వరుస చక్రానికి బీట పడింది. తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగినట్టు, లోహం కూడా అలసిపోతుంది. చక్రం పగిలి, ముక్కలు తొడుగును చీల్చుకుని చమురు గొట్టాలను తెంపాయి. మంట లేచింది. రెక్కల పలకలనూ, తోక పలకలనూ కదిపే హైడ్రాలిక్ ద్రవం కూడా ఆ మంటకే ఆహుతి అయింది. ఇక పైలటు చేతిలో ఏమున్నది? పగ్గాలు తెగిన బండి!

"ఆ బీట ముందుగాల ఎవరికీ కానరాలేదా?"

"కంటికి ఆననంత సన్నం. అందుకే అలాంటి చక్రాలకు ఇన్ని ప్రయాణాలని గడువు పెడతారు. గడువు తీరితే, చూపుకు బాగున్నా సరే, తీసి కొత్తది వేయవలసిందే."

అక్కయ్య మాట్లాడకుండా లేచి పొయ్యి దగ్గరికి పోయింది. గ్యాసు గొట్టాన్ని వేళ్లతో వంచి చూపించింది. వంపు దగ్గర సన్నని బీటలు. దానిమీద అచ్చయిన గడువు దాటి రెండేళ్లు! మా ఆవిడ మూడు నెలలుగా చెబుతూనే ఉన్నది. "వచ్చే ఆదివారం" అని నేనూ అంటూనే ఉన్నాను.

"విమానం సంగతి చూసేటోళ్లు ఉన్నరంటివి. మరి ఈ పొయ్యి సంగతి చూసేటోళ్లెవరురా?"

మారుమాట లేకుండా సిలిండరు కట్టేసి, చెప్పులు వేసుకుని బజారుకు నడిచాను. ఆదివారమైనా దుకాణం తెరిచే ఉన్నది.

పాఠకులారా, తరువాయి సీరియలు ఎక్కడికీ పోదు. ముందు ఒక్కసారి మీ వంటింట్లోకి పోయి రండి.