గురక మానింది గాని...

మా యింట్లో నా గురకకు కుంభకర్ణుడి పేరు పెట్టి చాలాకాలమైంది. నవ్వుకోవడానికి బాగానే వుండేది. మొన్న నిద్రపరీక్ష చేసిన డాక్టరుగారు, గంటకు 34 సార్లు నా వూపిరి ఆగడమో సన్నగిల్లడమో జరుగుతోందన్నారు. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కు జారి గాలిదారి మూసుకుపోతుందట. 30 దాటితే తీవ్రమైన జబ్బే.

"మళ్లీ వూపిరి అందుకునేదాకా నేను అంకెలు లెక్కపెట్టుకుంటూ కూచుంటానండీ" అంది మా ఆవిడ డాక్టరు ఎదుటే. పరీక్షహాల్లో కాపలా వుండి నేనే నిద్రపోయిన సంగతి అప్పటిదాకా యింట్లో చెప్పలేదు.

ముక్కుకు తగిలించుకునే గాలియంత్రం, సీపాప్, వాడమన్నారు. రోజూ ఏనుగు తొండం కట్టుకు పడుకునేకంటే వొక్క కోతతో పోదా అన్నాను.

ఆయన నవ్వారు. అంగిలి వెనుకభాగాన్నీ కొండనాలుకనూ కత్తిరించి సర్దే పద్ధతిని 1981లో ఫుజితా అనే వైద్యుడు ప్రకటించాడు. టాన్సిల్సు పెద్దవైనవారికి మేలే; దారి నాలుక వెనుక మూసుకునేవారికి అంగిలి కోసి యేం లాభం? అందుకే ముందు మత్తిచ్చి, సన్నని గొట్టంతో అడ్డు యెక్కడుందో చూస్తారు. రెండు దవడలనూ కోసి, సుమారు సెంటీమీటరు ముందుకు జరిపి బిగిస్తే ఫలితం చాలా బాగుంటుంది. ముఖం మాత్రం కొంత మారుతుంది. (మా ఆవిడ ఆశగా చూసింది.) నాలుకను కదిలించే నరానికి విద్యుత్తు అందించే పరికరాన్ని ఛాతీలో అమర్చడానికి అమెరికాలో 2014లో అనుమతిచ్చారు. అన్నిటికంటే పాతది గొంతుకు రంధ్రం పెట్టడం. గొంతుతో బతికే లెక్చరర్ని, వినగానే చెమటలు పట్టాయి.

అప్పుడు మా బావగారు గుర్తొచ్చారు. ఆయన అంగిలి ఆపరేషను చేయించుకున్నారు. గురక మాయం! మా ఆవిడ వాళ్ల వదిన హాయిగా నిద్రపోయింది. మళ్లీ పరీక్ష చేయించుకోవాలని యెవరికీ తోచలేదు. రెండేళ్లకు కారు నడుపుతూ కునికి చెట్టును గుద్దారు. ప్రాణం దక్కింది. పరీక్షిస్తే, వూపిరి యెప్పటిలాగే ఆగుతోంది, కాకపోతే చప్పుడు లేకుండా. అన్నాళ్లూ ఆ యింటికి కాపలా కాసింది గురకేనన్నమాట.

నాకు ముక్కులో దూలం వంకర. అది సరిచేసినంత మాత్రాన జబ్బు పోదుగాని, యంత్రం గాలి తేలిగ్గా పోతుందన్నారు. ఆ కోత వొక్కటీ వొప్పుకున్నాను.

తొండం తగిలించుకున్న మొదటిరాత్రి, తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే మా ఆవిడ కూచునే వుంది.

"ఏమిటే, నిద్రపోలేదూ?"

"చప్పుడు లేకపోయేసరికి భయమేసిందండీ" అంది.