గాలి తూకంలో దగా

రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్ టైర్ల మీద బతికే ఊరు. ఉర్లా ఫ్యాక్టరీలకు బొగ్గు తెచ్చేదీ, సిల్తరా నుంచి స్పాంజ్ ఐరన్ మోసుకుపోయేదీ లారీలే. తెల్లారకముందే షిఫ్టుకు బయల్దేరిన కార్మికుణ్ణి గేటు దగ్గర దించేది మోటార్ సైకిలే. పక్కనే రావాభాటా ట్రాన్స్‌పోర్ట్ నగర్. ఇన్ని చక్రాలు తిరిగే చోట, టైరులో గాలి ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పే గేజీ కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. దీన్ని అజాగ్రత్త అని సరిపెట్టుకోవడం ఇక మానేద్దాం. ఇది దగా. రోజూ మన కళ్లముందే, మన మౌనం అండతో జరుగుతున్న దగా.

పెట్రోలు పోయించుకునేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో గుర్తు చేసుకోండి. మీటరు సున్నా మీద ఉందో లేదో మెడ చాచి చూస్తాం. ఆ యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర వేస్తుంది. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించి కొలిపించుకునే హక్కు మనకుంది. కాస్త తగ్గితే గొడవ పడతాం, పడాలి కూడా. ఇప్పుడు అదే బంకులో గాలి పట్టే మూలకు వెళ్లండి. గొట్టం చివర చీలి ఉంటుంది. గేజీ అద్దం మసకబారి, ముల్లు ఒకచోట ఇరుక్కుపోయి ఉంటుంది. చాలాచోట్ల గేజీయే ఉండదు. కుర్రాడు గొట్టం తగిలించి, బొటనవేలితో టైరు నొక్కి ‘హో గయా’ అంటాడు. మనం చిల్లర చేతిలో పెట్టి వచ్చేస్తాం. పెట్రోలును మిల్లీలీటర్లలో కొలిపించుకున్న మనిషే, ఆ పెట్రోలు ఎంత దూరం తీసుకెళ్తుందో తేల్చే గాలిని బొటనవేలి అంచనాకు వదిలేస్తున్నాడు.

ఆ కుర్రాణ్ణి నేను తప్పు పట్టను. పనిముట్టు ఇవ్వకుండా పని చెయ్యమన్నవాళ్లది తప్పు. ఉచితంగా గాలి పట్టడం బంకు యజమాని దయ కాదు. ఆయిల్ కంపెనీలు డీలర్లకు విధించిన నిబంధనల్లోనే అది ఉంది. తాగునీరు, మరుగుదొడ్డి ఎంత విధో గాలీ అంతే విధి. పైగా ఉచిత గాలి గేజీ పాడైపోయిన చోటే, డబ్బులు తీసుకుని నైట్రోజన్ పట్టే యంత్రం మాత్రం మెరిసే అంకెలతో చక్కగా పనిచేస్తూ కనిపిస్తుంది. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఆ మిగతా కొద్దిపాటి తేడాకు డబ్బు తీసుకునేవాళ్లకు, ఉచిత గేజీని బాగు చేయించడానికి మాత్రం తీరిక దొరకదు!

గాలి తగ్గితే ఏమవుతుంది? టైరు తిరుగుతున్నప్పుడు నేలకు ఆనిన భాగం ప్రతిసారీ నలిగి, పైకి లేచాక మళ్లీ విచ్చుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి చూడండి, వంపు దగ్గర వేడెక్కుతుంది. గాలి తక్కువైన టైరు మామూలు కంటే ఎక్కువ వంగుతుంది కాబట్టి ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడి ఆకాశం నుంచి ఊడిపడదు. మన ట్యాంకులోని పెట్రోలే ఆ వేడిగా మారి రోడ్డు మీద పోతుంది.

ఎంత పోతుందో నిజాయితీగా చెప్పుకుందాం. అమెరికా ఇంధన శాఖ అంచనా ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక్క పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. 33 ఉండాల్సిన కారు 25తో తిరిగితే నష్టం 1.6 శాతం. నెలకు 80 లీటర్లు పోయించే ఇంటికి లీటరుంపావు పైమాటే. ఇంతేనా అంటారు. కారుకైతే ఇంతే. గాలి కొట్టిస్తే బిల్లు సగమవుతుందని నేను బొంకను. కానీ ఆ లీటరుంపావుతో కథ అయిపోదు. అంచులు అరిగి ముందుగానే మార్చాల్సి వచ్చే టైర్ల ఖర్చుంది. వానలో పట్టు తప్పే బ్రేకు ఉంది. ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి విదేశాల నుంచి కొనుక్కునే దేశంలో కోట్ల బండ్లు కలిసి ఒలకబోస్తున్న చమురు ఉంది. కాణీ ఖర్చు లేని పని చెయ్యక పోగొట్టుకున్న లీటరు, ధర పెరిగినందువల్ల పోయిన లీటరు కంటే ఎక్కువ సిగ్గుచేటు.

ఇక లారీల దగ్గరకు రండి, నా కోపమంతా అక్కడే ఉంది. హైవే మీద బరువు లాగే ట్రక్కులో టైర్ల దొర్లుడు నిరోధాన్ని ఎదుర్కోవడానికే ఇంధనంలో దాదాపు మూడో వంతు ఖర్చవుతుంది. నెలకు 2,000 లీటర్ల డీజిల్ తాగే బండికి ఒక్క శాతమంటే 20 లీటర్లు. వెనక జోడు చక్రాల్లో లోపలి టైరును చూసే దిక్కుండదు. దాని వాల్వుకు చెయ్యి అందడం కష్టం. రాడ్డుతో కొట్టి చప్పుడు వింటారు. ఆ చప్పుడు పూర్తిగా దిగిపోయిన టైరును పట్టిస్తుందేమో గాని, 20 పీఎస్‌ఐ తగ్గిన టైరును పట్టించదు. లోపలిది మెత్తబడితే దాని బరువు కూడా పక్కదాని మీద పడుతుంది. చివరికి రెండూ పాడవుతాయి. యావరేజ్ పడిపోయిందని యజమాని లెక్క తీస్తాడు. డీజిల్ అమ్ముకున్నావని డ్రైవర్ మీద నింద, బత్తాలో కోత. రెండు వేలు పెట్టి మంచి గేజీ కొనివ్వని మనిషి, లక్షలు పోసి కొన్న టైర్ల పాపాన్ని డ్రైవర్ నెత్తిన రుద్దుతాడు. దొంగ అని ముద్రవేసే ముందు గాలి కొలవండయ్యా!

వేసవి వస్తే మరో మూఢనమ్మకం బయల్దేరుతుంది. రాయ్‌పూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలకు ఎగబాకుతుంది. టైరు పేలుతుందన్న భయంతో గాలి తీసేయమంటారు. ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదు. గాలి తీస్తే టైరు ఇంకా వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. పేలుడును ఆపబోయి చేతులారా దాన్నే పిలిచినట్టు. పరుగులో వేడెక్కి పెరిగే ఒత్తిడిని లెక్కలోకి తీసుకునే బండి కంపెనీ ఇంత గాలి ఉండాలని అంకె ఇచ్చింది. అది చల్లారిన టైరు అంకె. బండి మూడు గంటలు నిలిపి ఉంచాక, లేదా పొద్దున్నే బయల్దేరే ముందు చూడాల్సిన అంకె. అది టైరు పక్కగోడ మీద ఉండదు, అక్కడ రాసేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి. మీ కారుకు కావాల్సినది డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది.

చలికాలం చేసేది మరో రకం దొంగతనం. ఉష్ణోగ్రత 5.6 డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. అక్టోబరులో 32 డిగ్రీల సాయంత్రం నింపిన టైరు, డిసెంబరులో 12 డిగ్రీల తెల్లవారుజామున మూడున్నర పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. దానంతటదే నెలకు ఒక పీఎస్‌ఐ దాకా జారిపోయేదీ కలుపుకుంటే అయిదుకు పైనే. రేడియల్ టైరు పక్కలు ఎప్పుడూ కాస్త ఉబ్బే ఉంటాయి, అందుకే ఈ లోటు కంటికి ఆనదు. కొలిస్తేనే తెలుస్తుంది.

దీన్ని చిన్న విషయమన్నవాళ్లు అమెరికాలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పొరలు ఊడి బండ్లు పల్టీలు కొట్టాయి. ఆ దేశంలోనే 271 మంది చావులకు ఆ టైర్లతో ముడి ఉందని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క తేల్చింది. ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ, ఫైర్‌స్టోన్ కోరింది 30. ఆ నాలుగు పీఎస్‌ఐ మీద రెండు మహా కంపెనీలు కత్తులు దూసుకున్నాయి. అమెరికా చట్టం తెచ్చింది. దానిమీద అధ్యక్షుడి సంతకం పడింది 2000 నవంబరు 1న. సరిగ్గా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టిన రోజది. ఆ చట్టం పుణ్యాన అక్కడి ప్రతి కొత్త కారులో గాలి 25 శాతం తగ్గితే దీపం వెలిగించే ఏర్పాటు తప్పనిసరైంది. అదే వయసున్న మన రాష్ట్రంలో గాలి ఇంకా బొటనవేలి పాలనలోనే ఉంది.

గాలి మాటను వెక్కిరించినవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. 2008 అధ్యక్ష ఎన్నికల్లో టైర్లలో గాలి సరిచూసుకోమని అభ్యర్థి ఒబామా అంటే ప్రత్యర్థులు టైర్ గేజీలు పంచి వెక్కిరించారు. కొద్ది రోజులకే ప్రత్యర్థి అభ్యర్థి మెక్‌కెయిన్ స్వయంగా ఆ మాటతో తనకు పేచీ లేదని ఒప్పుకోవలసి వచ్చింది.

మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు నుంచి కొత్త డిజైన్ టైర్లకు దొర్లుడు నిరోధం మీద ప్రమాణం పెట్టింది. మంచిదే. కానీ ఫ్యాక్టరీలో పరీక్ష నెగ్గిన టైరును రోడ్డు మీద సగం గాలితో తిప్పితే ఆ పరీక్షకు విలువేముంది? ఇటు రాయ్‌పూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి వేస్తున్నారు. గుంతల రోడ్డు మీద నలభైలో పోయే లారీని గుంతలే కాపాడాయి. గంటల తరబడి ఒకే వేగంతో పరుగెత్తే ఆ దారి మీద మెత్తటి టైరును కాపాడేది ఏదీ లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి విశాఖ తీరానికి సరుకుతో పాటు శవాలు కూడా పోవాలా?

నా డిమాండ్లు తేలికైనవి. డీజిల్ మీటరుకు వేసినట్టే బంకులోని గాలి గేజీకీ ఏటా పరీక్ష, ముద్ర, తేదీ ఉండాలి. గేజీ పనిచెయ్యని బంకును తప్పుడు కొలత అమ్మిన బంకుగా చూసి జరిమానా వెయ్యాలి. ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీ గేట్ల దగ్గర లోడు తూచే కాటా పక్కనే గాలి కొలిచే చోటు కూడా పెట్టాలి. టైరు కొలవకుండా డ్రైవర్ బత్తాలో ఒక్క రూపాయి కొయ్యకూడదు.

వీటికోసం అధికారి కదిలేదాకా మీరు ఆగనక్కర్లేదు. నెలకోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు, స్టెప్నీతో సహా కొలవండి. బంకులో గేజీ చూపించమని అడగండి. చూపించలేకపోతే ఫిర్యాదు పుస్తకం తెమ్మనండి. పేరు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. మీ వెనక నిలబడ్డవాడి చేత కూడా పెట్టించండి.